మేము, మనం

ఖాదర్ నవాజ్ ఖాన్ రోడ్డులో, రెండో అంతస్తులో
ఇరవై రెండేళ్లుగా నేనొక దేశాన్ని.
ఫోనెత్తి "మా ప్రభుత్వం" అంటాను.
"మా సముద్రం గడ్డకట్టింది, సరుకు ఆలస్యం" అంటాను.
కాలు పెట్టలేదు ఎప్పుడూ అక్కడ.
పుట్టింది చూళైలో, పెరిగింది కొసపేటలో,
చలి అంటే నాకు మార్గశిరంలో తెల్లవారుజాము పాలప్యాకెట్టు.

పెరంబూరూ అయనావరమూ విల్లివాక్కమూ కలిపితే
అంతమంది జనం వాళ్లు.
మన నెత్తళ్లకు దూరపు చుట్టంలాంటి ఒక వెండి చేప
వాళ్ల అన్నం.
మా అన్నం, అనాలి. ఆఫీసు వేళల్లో.

డిప్యూటీ కాన్సల్ తీనా
ఆ కూటమి రాజధానిలో ఐదేళ్లు కూర్చుని వచ్చింది.
ఈ ఉక్కను విశ్రాంతి అంటుంది.
నవంబరు వాన, కరెంటు పోయిన సాయంత్రం,
మెట్ల మీద కూర్చుని చెప్పింది:

"అక్కడ యుద్ధమంతా ఒక్క మాట తోక మీద, వేదా.
'ఆపవలెను' అని ఉంటే మా పడవలు ఒడ్డున పడుకుంటాయి.
'ఆపవచ్చును' అని ఉంటే మా వాళ్లు తింటారు.
రాత్రి మూడుదాకా
వలెను, వచ్చును, వలెను, వచ్చును.
కాఫీ మిషను దగ్గర ద్రాక్షతోటల దేశం ఆయన.
చేప వాసనే పడదు ఆయనకి.
నీ సీసా మీద చీటీ గురించి రేపు నేను నోరెత్తను, అన్నాను.
చక్కెర కలుపుతూ కలుపుతూ తలూపాడు."

మా తాతను తలుచుకున్నాను.
కొత్వాల్ చావడిలో మిరప బస్తాల దళారి.
తువ్వాలు కింద చేయీ చేయీ పట్టుకుని బేరం:
పైన రెండు రాతి ముఖాలు,
కింద వేళ్ల లెక్క.
నాలుగో వేలు మడిస్తే అర్ధరూపాయి దిగినట్టు.
గుంటూరు రైతు ఎదురుగానే నిలబడి ఉండేవాడు,
తువ్వాలు మాత్రమే కనబడేది.

"తెల్లారి రెండు ఉత్తరాలు రాశాను" అంది తీనా.
"ఇంటికి: మేము నెగ్గాం.
కూటమికి: మేము ఒప్పుకున్నాం.
మా భాషలో రెండింటికీ ఒకటే మాట."

మాకు రెండున్నాయి, అన్నాను.
నిన్ను బయట నిలబెడితే, మేము.
లోపలికి పిలిస్తే, మనం.
మేము, మనం, అని పలికి చూసింది
పులుపేదో తీపేదో నాలుకతో తేల్చుకుంటున్నట్టు.
వాన తగ్గేదాకా గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు ఏళుమలై
"నాంగ, నామ. మాకూ రెండే" అన్నాడు.
ఆ మాకు లో మేమిద్దరం లేము.

చాలాసేపటికి అంది తీనా:
"మాకు ఒకటే ఉండడం అదృష్టం.
రెండుంటే ఏ ఒప్పందం మీదా సంతకం పడేది కాదు."
కరెంటు వచ్చింది. లేచి బట్టలు దులుపుకుంది.

పై వారం పల్లావరం నుంచి కోదండపాణిగారు,
చిన్న తోళ్ల కర్మాగారం, పద్దెనిమిది మంది పనివాళ్లు.
కూటమిలో కొత్త నిబంధన, ఏదో రసాయనం, లక్షకింత అని.
"మీ దేశం చిన్నది గదమ్మా, చిన్నవాళ్ల బాధ తెలుస్తుంది.
అక్కడ మా తరఫున ఒక్క మాట..."
ఫైలు చూశాను.
ఆ నిబంధనకు మేము ఎప్పుడో తలూపేశాం,
చేపకు బదులో, ఇంకే రాత్రి ఇంకే కాఫీకో.
జవాబు ఆయన కోసం తెలుగులో రాశాను:
"ఈ విషయంలో మేము కూటమి అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాము."

కళ్లజోడు పైకి తోసి రెండుసార్లు చదివారు.
"మేము అంటే ఎవరమ్మా?"

గోడ మీద జెండా ఉంది, చూపించొచ్చు.
చూపించలేదు.
లిఫ్టు చెడిపోయింది, పదండి, అన్నాను.

కింద మళ్లీ వాన.
గొడుగు నాదొక్కటే.
ఆటో దాకా మనం.
చెరో భుజం తడిసింది.